కొత్త కారు రంగు మీద చెయ్యి వేసే ముందు

డీటెయిలింగ్ షాపులో పనికి చేరిన కుర్రాడికి మొదట చేతికిచ్చేవి బట్ట, బకెట్. కొన్నాళ్లు పోయాక పాలిషింగ్ మెషిన్ ఇస్తారు. మెషిన్ పట్టినవాడికే జీతం పెరుగుతుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే. పదేళ్ల పాత కారు విషయంలో ఆ ఆరాటం సబబే. ఇవాళ ఉదయమే షోరూమ్ నుంచి వచ్చిన కారు దగ్గర మాత్రం లెక్క వేరు. అక్కడ మీ పనితనం మెషిన్‌లో కన్నా బకెట్‌లోనే ఎక్కువ తెలుస్తుంది. రంగు మీంచి ఎంత తక్కువ తీశారు, ఎంత మిగిల్చారు అన్నదే కొలత. ఈ పనిలో స్థిరపడదామనుకునేవాళ్లు, రేపో మాపో సొంత షెడ్డు వేసుకుందామనుకునేవాళ్లు ఈ సంగతి మొదట్లోనే తెలుసుకుంటే మంచిది.

రేకు మీద ఏముందో చూద్దాం. ఫ్యాక్టరీలో ఉక్కు బాడీకి ముందుగా ఫాస్ఫేట్ పూత పడుతుంది. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు పంపి, తుప్పును ఆపే పొర ఎక్కిస్తారు. దాన్ని ఈ-కోట్ అంటారు. ఆ పైన ప్రైమర్, దాని మీద రంగు ఉండే బేస్ కోట్, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపితే చాలా కార్లలో 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, కారు రంగు మొత్తం రెండు వెంట్రుకల మందం. అందులో మనం ముట్టుకోదగ్గది క్లియర్ కోట్ ఒక్కటే. అది ఇంచుమించు 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు ఉండేది ఆ పొరలోనే. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి మెషిన్ తిప్పిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. మరీ పలచబడితే ఆ నష్టం ఇవాళ కనబడదు. మూడు నాలుగేళ్ల ఎండ తగిలాక బానెట్ మీదో, టాప్ మీదో పైపొర తెల్లబడి పొలుసులుగా లేస్తుంది. అప్పటికి మీ పేరు ఆ యజమానికి గుర్తుండకపోవచ్చు. ఆ రంగుకు ఆయుష్షు తగ్గించింది మాత్రం మీ చెయ్యే.

"కొత్త రంగు ఇంకా ఆరలేదు, నెల దాకా దాని మీద ఏమీ వెయ్యకూడదు" అనే మాట షాపుల్లో తరచూ వినిపిస్తుంది. ఫ్యాక్టరీ రంగుకు ఇది వర్తించదు. అక్కడ పొయ్యిలాంటి గదిలో దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో రంగును కాలుస్తారు. లైను దాటి బయటికి వచ్చేసరికే అది పూర్తిగా గట్టిపడి ఉంటుంది. డెంటింగ్-పెయింటింగ్ షాపులో మళ్లీ వేసిన రంగు సంగతి వేరు. టైర్లు, వైర్లు, ప్లాస్టిక్ అన్నీ బిగించి ఉన్న కారును అంత వేడి చెయ్యలేరు కాబట్టి 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు, కొన్నిచోట్ల మామూలు గాలికే వదిలేస్తారు. దానిలోని సాల్వెంట్ పూర్తిగా బయటికి పోవడానికి వారాలు పడుతుంది. నెల రోజుల నియమం ఆ రంగుకు సంబంధించింది. కొత్త కారులో ఏదైనా భాగానికి రంగు మళ్లీ వేశారా లేదా అన్నది మీకు ముందే తెలియాలనడానికి ఇదొక కారణం.

అది చెప్పేది రంగు మందం కొలిచే పెయింట్ గేజ్. సొంతంగా కొనుక్కోవలసిన మొదటి పరికరం ఇదేనని నా అభిప్రాయం, మెషిన్ కన్నా ముందు. ఉక్కుతో పాటు అల్యూమినియం మీద కూడా కొలిచే రకం తీసుకోండి. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు గేజ్ అంకె చూపదు, పాడైందేమో అని కంగారు పడకండి. ప్రతి భాగం మీద నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి. అన్నీ 110, 120 దగ్గర ఉండి, ఒక డోర్ మాత్రం 230 చూపిస్తే దానికి మళ్లీ రంగు పడిందన్నమాట. ఎక్కడైనా 500 దాటితే కింద పుట్టీ ఉందని అనుమానించాలి. షోరూమ్ కారులోనూ ఇలా జరుగుతుంది. లారీలోకి ఎక్కించేటప్పుడో, స్టాక్‌యార్డులో వెనక్కి తీసేటప్పుడో తగిలిన దెబ్బను సరిచేసి అమ్మకానికి పెడతారు. మీరు చూసింది యజమానికి చూపించండి. "ఈ డోర్ మీద అంకె ఇలా వస్తోంది సార్, మిగతావాటి మీద ఇలా ఉంది" అని చెప్పి ఫొటోలు ఇవ్వండి. ఎవరు చేశారు, ఎందుకు దాచారు అన్న తీర్పు మీరు చెప్పవద్దు. దాన్ని తేల్చుకోవలసింది ఆయన, డీలరు.

ఇక్కడే మీకు ఇంకో బతుకుతెరువు ఉంది. రిజిస్ట్రేషన్ కాకముందే యార్డుకు వెళ్లి కారును చూసిపెట్టమని అడిగేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. గేజ్, మంచి టార్చి, ఓపిక ఉంటే చాలు, అది ఫీజు తీసుకుని చెయ్యదగ్గ పని. రిజిస్ట్రేషన్ అయిపోయాక తప్పు బయటపడితే కారు మార్పించుకోవడం యజమానికి చాలా కష్టం. ముందే బయటపడితే ఇంకో కారు అడగవచ్చు.

కొత్త కారు కదా, దాని మీద మురికి ఏముంటుంది అనుకోకండి. మానేసర్‌లోనో సానంద్‌లోనో తయారైన కారు హైదరాబాదు చేరేలోపు వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ మీదో రైలు మీదో వస్తుంది. మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చేదైనా యార్డులో ఎండా వానా చూడక తప్పదు. రైలు పట్టాల నుంచి, బ్రేకుల నుంచి లేచే సన్నటి ఇనుప పొడి వేడి రంగు మీద పడి అతుక్కుపోతుంది. తెల్ల కారు మీద చిన్న చిన్న నారింజ చుక్కలు కనబడితే అవి తుప్పు పట్టిన ఆ రజనే, రేకు తుప్పు కాదు. యార్డులో కాకి రెట్టలు, వాన చుక్కల మరకలు, అంటించి తీసిన ఫిల్మ్ తాలూకు జిగురు ఉండనే ఉంటాయి. వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చివరి గంటలో జరుగుతుంది. డెలివరీకి ముందు హడావిడిగా ఒకే బకెట్ నీళ్లతో, నేలమీద పడిన బట్టతోనే కడిగి, దుమ్ము ఉండగానే పొడి బట్టతో తుడిచి ఇస్తారు. ఎండలో చూస్తే కనబడే గుండ్రటి సన్నగీతలు, మనం స్విర్ల్స్ అనేవి, చాలా కార్లకు అక్కడే మొదలవుతాయి.

అందుకని బుకింగ్ సమయంలోనే మీ దగ్గరికి వచ్చిన కస్టమర్‌కు ఒక మాట నేర్పండి: "కారు కడగవద్దు, పాలిష్ చెయ్యవద్దు, మురికిగానే ఇవ్వండి" అని సేల్స్‌మన్‌కు ముందే చెప్పి, ఆర్డరు కాగితం మీద రాయించుకోవాలి. డీలరుకు ఇందులో నష్టమేమీ లేదు, పైగా పని తగ్గుతుంది.

పూజ సంగతి కూడా ముందే మాట్లాడండి. మన దగ్గర కొత్త బండి షోరూమ్ నుంచి ఇంటికి కాదు, గుడికి వెళ్తుంది. విశాఖలో సంపత్ వినాయకుడి దగ్గరికి, కరీంనగర్ వైపు వాళ్లయితే కొండగట్టు అంజన్న దగ్గరికి. అది వాళ్ల నమ్మకం, సంతోషం. కాదనే హక్కు మనకు లేదు, కాదనవలసిన అవసరమూ లేదు. తడి పసుపు, కుంకుమ బానెట్ మీద పెట్టి రోజుల తరబడి ఎండలో వదిలేస్తే లేత రంగు కార్ల మీద మరక ఉండిపోతుంది. కుంకుమ పొడిగా ఉండగా బట్టతో తుడిస్తే అందులోని నలుసులు గీతలు పెడతాయి. ముందు అద్దం మీదో నంబర్ ప్లేటు మీదో బొట్టు పెట్టించుకోమని చెప్పండి, గాజు సులువుగా శుభ్రపడుతుంది. బానెట్ మీదే కావాలంటే అదే రోజు సాయంత్రం నీళ్లు ధారగా పోసి కడిగెయ్యాలి. దండ కట్టిన తీగ చివరలు రంగుకు తగలకుండా, కొబ్బరికాయ కారుకు దూరంగా నేలమీద కొట్టేలా చూసుకుంటే చాలు.

ఇక కడగడం. ఈ పనిని తక్కువగా చూసేవాళ్లు డీటెయిలింగ్‌లో ఎదగలేరని నేను గట్టిగా నమ్ముతాను. రంగు మీద గీత పడటానికి కావలసినవి రెండే: ఒక ఇసుక రేణువు, దాన్ని నొక్కే చెయ్యి. కాబట్టి చెయ్యి తగిలే ముందే వీలైనంత ఇసుకను దింపెయ్యాలి. ముందు చల్లటి నీళ్లతో పైనుంచి కిందికి తడపండి. తర్వాత ఫోమ్ కొట్టి నాలుగైదు నిమిషాలు వదలండి, ఆరనివ్వకుండా ప్రెషర్‌తో కడిగెయ్యండి. దీనితోనే వదులు మురికి చాలావరకు పోతుంది. అప్పుడు రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో మామూలు నీళ్లు, రెండిటి అడుగునా జల్లెడ పళ్లెం. మైక్రోఫైబర్ గ్లవ్‌తో ఒక భాగం తుడవగానే మామూలు నీళ్లలో జాడించి, అడుగు పళ్లానికి రుద్ది, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. టాప్, అద్దాలు, బానెట్, డోర్ల పైభాగం, చివరికి కింది భాగం. చక్రాలకు వేరే గ్లవ్, వేరే బకెట్. బ్రేక్ పొడి అంటిన బట్ట రంగు దగ్గరికి రాకూడదు. బట్టలకు రంగులు కేటాయించుకుంటే పొరపాటు జరగదు, చక్రాలకు నల్లవి, పెయింట్‌కు నీలివి అన్నట్టు. గిన్నెలు తోమే సబ్బు, బట్టలుతికే పొడి వాడకండి. న్యూట్రల్ పీహెచ్ షాంపూయే వాడండి. నేలమీద పడిన గ్లవ్‌ను ఆ రోజుకు పక్కన పెట్టెయ్యండి. నోటితో చెప్పడం తేలికే, పని ఒత్తిడిలో పాటించడమే కష్టం.

నీళ్ల గురించి ఎక్కువగా చెప్పాలి, మన ఊళ్లలో రంగును పాడుచేసేవాటిలో అది ముందుంటుంది. చాలా షెడ్లు బోరు నీళ్ల మీదే నడుస్తాయి. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకనిచోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ నియమం. తాగడానికి పనికొచ్చే 500 నీళ్లు కూడా కారు మీద ఆరిపోతే తెల్లటి వలయాలు వదులుతాయి. నీరు ఆవిరై పోతుంది, అందులోని సున్నం మిగులుతుంది. ఎండలో అది రంగులోకి కొరుక్కుపోతుంది. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఒకటి జేబులో పెట్టుకోండి. చివరిసారి కడిగే నీళ్లు 50 లోపు ఉంటే మరకల భయం దాదాపు ఉండదు. అలాంటి నీళ్లు ఎక్కడివంటారా? ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. వాటిని శుభ్రమైన డబ్బాలో పట్టి, వడగట్టి, చివరి జాడింపుకు వాడవచ్చు. ఇదే ఆలోచనతో చాలామంది ఇళ్లలో ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీళ్లతో కారు కడుగుతారు. నీళ్లు వృథా కాకూడదన్న వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ ఆర్‌వో వడగట్టి వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. అవి నేల తుడవడానికి పనికొస్తాయి, కారుకు కాదు. ఈ ఒక్క మాట ప్రతి కస్టమర్‌కూ చెప్పండి.

ఆరబెట్టడం నీడలోనే. మే నెలలో నల్ల బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అలాంటి రేకు మీద నీళ్లు, షాంపూ నిమిషంలో ఆరిపోతాయి. అరచేతి వెనుక వైపు ఆనించి చూసి, చల్లగా ఉంటేనే మొదలుపెట్టండి. వేసవిలో తెల్లవారుజామున, లేదా సాయంత్రం పొద్దు వాలాక పని పెట్టుకోవడం ఉత్తమం. పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును రేకు మీద పరిచి నీళ్లు పీల్చుకోనివ్వాలి, రుద్దకూడదు. బ్లోయర్ ఉంటే అద్దాల సందులు, హ్యాండిళ్లు, లోగో చుట్టూ ఊదండి, అక్కడ దాగిన నీళ్లే తర్వాత చారలుగా కారతాయి. ఈ తువ్వాళ్లను ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటి మెత్తదనం ద్రవాలు వేయకండి, పీల్చే గుణం పోతుంది.

కడిగి ఆరాక ఐరన్ రిమూవర్. స్ప్రే చేస్తే ఇనుప పొడి ఉన్నచోటల్లా ఊదారంగు చారలు కారతాయి. కస్టమర్ పక్కన ఉంటే ఆ దృశ్యం చూపించండి, కొత్త కారు మీద ఇంత ఉందా అని ఆశ్చర్యపోతారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, గాలి ఆడే చోటే వాడాలి, చేతికి నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి. ఆరకముందే బాగా కడగాలి. తారు చుక్కలకు టార్ రిమూవర్ వేరే ఉంటుంది, ఆ చుక్క మీద మాత్రమే వాడండి.

ఆ తర్వాత అతుక్కున్న మురికిని లాగే ముద్ద, క్లే. ఇక్కడ చాలామంది అలవాటుగా కారంతా రుద్దేస్తారు. ముందు పలచటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని రేకు మీద మెల్లగా జరపండి. గరుకు ఏదైనా ఉంటే కవరులోంచి స్పష్టంగా తెలుస్తుంది. నున్నగా ఉన్నచోట క్లే అక్కర్లేదు. గరుకుగా ఉన్నచోట మాత్రం బాగా తడి చేసి, నొక్కకుండా, తిన్నగా జరపాలి. క్లే కూడా సన్నటి గీతలు పెడుతుంది. కారంతా క్లే చేస్తే కారంతా పాలిష్ చెయ్యాల్సి వస్తుంది, అలా ఒక పని ఇంకో పనిని లాక్కొస్తుంది.

పాలిష్ దాకా వచ్చాం. రేకు మీద మూరెడు చోటు ఎంచుకుని, మంచి లైటు కింద పెట్టి, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా సన్నటి పాలిష్‌తో మొదలుపెట్టండి. గీతలు పోతే అంతటితో ఆగండి. పోకపోతే ఒక మెట్టు పెంచండి. ముందే గట్టి కాంపౌండ్‌తో మొదలుపెట్టి తర్వాత సరిచేద్దామనుకుంటే, పోయిన పొర ఎలాగూ తిరిగి రాదు. కొత్త కారు మీద రోటరీ మెషిన్ అవసరం చాలా అరుదు. డ్యూయల్ యాక్షన్ మెషిన్ నిదానంగా తీస్తుంది, అదే ఇక్కడ కావలసింది. అంచుల దగ్గర, బానెట్ మీది గీత మలుపుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, అక్కడ టేపు వేసి దూరంగా ఉండండి. బంపర్ మీద గేజ్ పలకదు కాబట్టి మరింత జాగ్రత్త. మ్యాట్ ఫినిష్ కారును ఎట్టి పరిస్థితిలోనూ పాలిష్ చెయ్యకండి, మెరిసిన చోటు మళ్లీ మ్యాట్ అవ్వదు. ఎక్కడైనా ఒకటి రెండు లోతైన గీతలు ఉంటే వాటిని పూర్తిగా చెరిపెయ్యాలని పట్టుబట్టకండి. గోరు తగిలితే ఆగే గీత క్లియర్ కోట్‌లోకి లోతుగా దిగిందన్నమాట. దాన్ని వదిలెయ్యమని కస్టమర్‌కు చెప్పే ధైర్యం పనివాడికి ఉండాలి. నూనెలాంటి గ్లేజ్ పూసి గీతలు కనబడకుండా చేసి, పోయాయని చెప్పడం మోసం, రెండు వాష్‌లకే అది బయటపడుతుంది.

రక్షణ పూతల గురించి మాట్లాడేటప్పుడే మన మాట విలువ నిలబడుతుంది లేదా పోతుంది. "తమ్ముడూ, సిరామిక్ కోటింగ్ వేస్తే ఇక గీతలు పడవు కదా?" అని అడుగుతారు. పడతాయి అని చెప్పండి. సిరామిక్ పూత సిలికా ఆధారంగా తయారైన పలచటి పొర, సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. సీసా మీద ఉండే 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనంతో కొలిచే పరీక్షలో అంకె. వజ్రం గట్టిదనాన్ని కొలిచే కొలబద్ద వేరే, దానితో దీనికి సంబంధం లేదు. ఆ పూత వల్ల నిజంగా కలిగే లాభాలు తక్కువేమీ కాదు: మురికి సులువుగా వదులుతుంది, నీళ్లు జారిపోతాయి, రెట్టల్లాంటి వాటికి కొంత వ్యవధి దొరుకుతుంది, ఎండ దెబ్బ తగ్గుతుంది. రాయి తగిలితే ఆపలేదు. వాచ్‌మన్ పొడి బట్టతో తుడిస్తే పడే గీతనూ ఆపలేదు. నీటి మరకలు దాని మీదా పడతాయి. ఇలా విడమరిచి చెప్పి అమ్మితే కొందరు వెళ్లిపోతారు, ఉండేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి మీ దగ్గరికే వస్తారు.

టెఫ్లాన్ కోటింగ్ పేరుతో అమ్మేదాని గురించి ఒక మాట. టెఫ్లాన్ కరగాలంటే 327 డిగ్రీలు కావాలి, పెనం మీద అది గట్టిగా అంటుకునేది అలాంటి వేడిలోనే. కారు మీద అంత వేడి అసాధ్యం. కాబట్టి ఆ పేరుతో వేసేది పనితీరులో మామూలు పాలిష్, వ్యాక్స్ జాతిదే, కొన్ని నెలల్లో కడుక్కుపోతుంది. అలాంటప్పుడు ఈఎంఐ కడుతూ మొదటి కారు కొనుక్కున్న చిరుద్యోగికి నా సలహా, మంచి సీలెంట్ సీసా ఒకటి కొనిపించి, మూడు నాలుగు నెలలకోసారి తానే ఎలా వేసుకోవాలో చూపించడం. కార్నోబా వ్యాక్స్ అందంగా ఉంటుంది గాని 80 డిగ్రీలు దాటగానే కరిగే పదార్థం, మన ఎండల్లో వారాలే నిలుస్తుంది.

కోటింగ్ వేసేవాళ్లకు పని సూత్రాలు కొన్ని. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ద్రావణంతో పాలిష్ జిడ్డు పూర్తిగా తుడవాలి, లేకపోతే పూత రంగుకు పట్టదు. రెండడుగుల చోటు చొప్పున వేసి, ఇంద్రధనుస్సు రంగుల మెరుపు వచ్చాక తుడవాలి. విజయవాడ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో అది హైదరాబాదు కన్నా త్వరగా గట్టిపడుతుంది, అక్కడ ఇంకా చిన్న చోటు తీసుకోవాలి. తుడవడం మరిచిన చుక్క గట్టిపడితే మళ్లీ పాలిష్ చేస్తేనే పోతుంది. అందుకే లైటును అన్ని కోణాల్లో తిప్పి చూడాలి. పూత తుడిచిన గుడ్డలు ఎండి గరుకు కాగితంలా అవుతాయి, ఉతికి మళ్లీ వాడకుండా పారెయ్యండి. మొదటి రోజంతా కారుకు తడి తగలకూడదు, వారం దాకా షాంపూ పడకూడదు.

రాళ్ల దెబ్బ ఆపాలంటే పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, ఒక్కటే దారి. మంచిది టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేస్తారు, 150 నుంచి 200 మైక్రాన్ల మందం, అంటే మొత్తం కారు రంగు కన్నా ఎక్కువ. చిన్న గీతలు వేడికి వాటంతట అవే మాయమవుతాయి. పీవీసీ ఫిల్మ్ చవకే గాని త్వరగా పసుపెక్కుతుంది. హైవే మీద రోజూ తిరిగేవాళ్లకు కారంతా వేయించుకునే స్తోమత లేకపోతే ముందు బంపర్, బానెట్ ముందు భాగం, అద్దాల వెనుక, డోర్ అంచులు, చక్రాల వెనుక భాగం చాలు. ఫిల్మ్ ముందు, కోటింగ్ దాని తర్వాత. బిగించేటప్పుడు బ్లేడుతో కారు మీదే కోసే అలవాటు మానండి, ఆ గీత రేకు దాకా దిగి తుప్పుకు దారి తీస్తుంది. ప్లాటర్‌తో ముందే కోసిన ముక్కలు వాడండి. మళ్లీ రంగు వేసిన భాగం మీద ఫిల్మ్ వేస్తే, తీసేటప్పుడు రంగు దానితో పాటు లేచి రావచ్చని ముందే చెప్పండి.

మీ ఒంటి సంగతి మరవకండి. చక్రాల కోసం, అద్దం మీద నీటి మరకల కోసం అమ్మే కొన్ని ఆసిడ్‌లలో హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ గాని, అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని ఉంటుంది. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా నష్టం చేస్తుంది. లేబుల్ లేని డబ్బాలోని ద్రవాన్ని ఎవరు ఇచ్చినా ముట్టుకోకండి. పడితే నీళ్లతో బాగా కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, అది ఏ ఆసిడో డాక్టరుకు చెప్పండి. సాల్వెంట్లు, కోటింగ్ వాడేటప్పుడు మామూలు గుడ్డ మాస్క్ పనిచెయ్యదు, ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. తడి నేలమీద కరెంటు మెషిన్ నడుపుతారు కాబట్టి షెడ్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టమని యజమానిని గట్టిగా అడగండి. బెల్టు బకిల్, ఉంగరం, వాచీ తీసేసి పనిలో దిగండి, అవి మీకూ కారుకూ మంచివి కావు.

కారు మీ షెడ్డు దాటాక దాన్ని రోజూ ముట్టుకునేది అపార్ట్‌మెంటులో పొద్దున్నే తుడిచే అబ్బాయి. పది కార్లకు ఒకే బకెట్, ఒకే గుడ్డ. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, అతనికి ఎవరూ నేర్పలేదు, ఇచ్చే డబ్బు కూడా అంతే. రోజూ తుడిపించడం మాన్పించి, వారానికోసారి నీళ్లతో సరిగ్గా కడిగించమని యజమానికి చెప్పండి. దుమ్ము పేరుకుని ఉన్నా రంగుకు నష్టం లేదు, పొడిగా తుడిస్తేనే నష్టం. కుదిరితే ఆ అబ్బాయికి ఒక గ్లవ్, రెండో బకెట్ కొనిపెట్టమనండి. దుమ్ము కారు మీద కవరు కప్పితే గాలికి అదే గరుకు కాగితమవుతుంది. సెల్లార్లలో స్లాబు నుంచి కారే చుక్కలు సున్నం మోసుకొస్తాయి, వాటి కింద నిలబెట్టిన కారు బానెట్ నెలలోపే పాడవుతుంది, జాగా మార్చుకోమనండి. కాకి రెట్ట కనబడిన గంటలోపే తడి గుడ్డ దాని మీద పరిచి, నానాక ఎత్తెయ్యాలి, గీకకూడదు. ఎండకు రంగు మెత్తబడినప్పుడు రెట్ట ఎండి గట్టిపడి, చల్లబడేటప్పుడు రంగును తన ఆకారంలోకి లాగేస్తుంది. వేపచెట్టు కింద కారిన జిగురుకూ ఇదే పద్ధతి.

ధర చెప్పేటప్పుడు కారు సైజు ఒక్కటే చూడకండి, రంగు స్థితి చూసి, పని ఎంతసేపు పడుతుందో లెక్కవేసి చెప్పండి. ముందు గేజ్ అంకెలు, ఫొటోలు, ఏ పాలిష్ వాడారు, ఏ పూత వేశారు, తేదీ, ఇవన్నీ ఒక కార్డు మీద రాసి ఒకటి యజమానికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రెండేళ్ల తర్వాత ఆ కారు మళ్లీ వస్తే ఎంత పొర మిగిలిందో మీకు తెలుస్తుంది, ఇంకో పాలిష్ చెయ్యవచ్చా లేదా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

కోటింగ్ వేసిన కారును ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో మీ దగ్గరికే రమ్మనండి. మొదటి వాష్ మీరే చెయ్యండి, డబ్బు తీసుకోకండి. నీళ్లు ఎక్కడ జారుతున్నాయో, ఎక్కడ పరుచుకుని నిలుస్తున్నాయో చూడండి. నిలిచినచోట పూత పట్టలేదు. ఆ భాగాన్ని కార్డు మీద గుర్తుపెట్టి, అదే రోజు సరిచేసి పంపండి.